మాత్ర ఒక ఖాతా, వెలుతురు ఇంకో ఖాతా

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మర్నాటి నుంచి సియాటిల్లో అయిదు కాకముందే పొద్దుగూకుతుంది. ఆ వారంలో ఆఫీసు ప్యాంట్రీలో తెలుగువాళ్ల మధ్య ఏటా ఒకే సంభాషణ వినపడుతుంది. "ఏంటి గురూ, డల్‌గా ఉన్నావ్?" "ఏమో, పొద్దున లేవబుద్ధి కావట్లేదు." "విటమిన్ డి వేసుకుంటున్నావా లేదా?" అంతే. రోగం తేలిపోయింది, మందూ చెప్పేశారు. మర్నాటికి మానిటర్ పక్కన ఒక డబ్బా వెలుస్తుంది.

నేనిక్కడ పద్నాలుగు చలికాలాలు గడిపాను. ఆ డబ్బా ఒకప్పుడు నా డెస్క్ మీదా ఉండేది, ఇప్పుడు ఇంట్లో ఉంది. దాన్ని మానెయ్యమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మాత్ర వేసుకున్నాం కదా అని మిగతావన్నీ వదిలేసినవాళ్లు ఎలా దెబ్బతిన్నారో దగ్గర్నుంచి చూశాను. ఇప్పుడు చెప్పబోయేది వాళ్ల సంగతి.

ముందు నీడ లెక్క చూడండి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ నడిమధ్యలో కూడా మిట్టమధ్యాహ్నం అక్కడ మీ నీడ మీకన్నా కాస్త పొట్టిగానే పడుతుంది. సియాటిల్ 47 డిగ్రీలు దాటి ఉంది. డిసెంబర్ 21న మధ్యాహ్నం సూర్యుడు 19 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఎండ కాస్తే మీ నీడ మీ ఎత్తుకు దాదాపు మూడింతలు పడుతుంది. నీడ మనిషిని మించి ఉన్నప్పుడు చర్మంలో డి విటమిన్ తయారీ బాగా తగ్గిపోతుంది. దాన్ని తయారుచేసే అతినీలలోహిత బి కిరణాలు అంత ఏటవాలుగా వచ్చేటప్పుడు వాతావరణంలోనే ఇంకిపోతాయి. సియాటిల్ కన్నా దక్షిణంగా ఉన్న బోస్టన్‌లోనే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎంతసేపు ఎండలో నిలబడినా చర్మంలో డి తయారు కాదని 1988లో పరిశోధకులు చూపించారు. దానికి తోడు మన చామనఛాయ. తెల్లవాళ్లతో సమానంగా డి తయారుచేసుకోవాలంటే మనం వాళ్లకన్నా ఎక్కువసేపు ఎండలో ఉండాలి. ఇక్కడి చలికాలంలో ఆ ఎండే లేదు. కాబట్టి మనలాంటివాళ్లు చలికాలంలో మాత్ర వేసుకోవడం సబబే. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా ఆకురాలు కాలంలోనూ చలికాలంలోనూ రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకునే సంగతి ఆలోచించమని అందరికీ చెబుతుంది. మనలాంటి చర్మరంగు ఉన్నవాళ్లకైతే ఏడాది పొడవునా.

అయితే ఆ సలహా ఇచ్చింది ఎముకలు, కండరాల కోసం. మనం దాన్ని దిగులుకు మందుగా మార్చుకున్నాం.

చలికాలంలో ఎండ తగ్గితే మనకు రెండు వేర్వేరు నష్టాలు జరుగుతాయి. ఒకటి చర్మం ద్వారా, అది డి విటమిన్. రెండోది కంటి ద్వారా. పొద్దున వెలుతురు కంట్లో పడితే మెదడులోని గడియారం 'తెల్లారింది' అని రాసుకుంటుంది. ఇక్కడ డిసెంబర్లో తెల్లవారేసరికి ఎనిమిది కావస్తుంది. ఏడింటికి అలారం కొట్టి మీరు లేచినా ఆ గడియారానికి ఇంకా అర్ధరాత్రే. నిద్ర చాలదు, ఒళ్లు బరువు, అన్నం మీదా స్వీట్ల మీదా యావ, మనుషుల్ని చూస్తే తప్పుకోవాలనిపించడం, ఇవన్నీ ఎక్కువగా ఈ రెండో నష్టం తాలూకువి. 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో నార్మన్ రోసెంతాల్ బృందం దీనికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టింది. అప్పట్లోనే వాళ్లు వైద్యానికి వాడింది ప్రకాశవంతమైన దీపం.

ఈ రెండు ఖాతాల మధ్య ట్రాన్స్‌ఫర్ సౌకర్యం లేదు. కిటికీ పక్కన కూర్చుంటే కంటికి వెలుతురు అందుతుంది, కానీ డి తయారుచేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. దిగులుకు వాడే దీపాల్లో ఆ కిరణాల్ని కావాలనే వడగడతారు, కాబట్టి దానివల్లా డి రాదు. డి మాత్ర ఎన్ని మింగినా కంట్లో వెలుతురు పడదు. ప్యాంట్రీ సలహాలో పొరపాటంతా ఈ రెంటినీ ఒకే ఖాతాలో రాయడమే.

'పరిశోధనలేమంటున్నాయి?' అని అడిగేవాళ్లకు ఒక పెద్ద ప్రయోగం చెబుతాను. 2020లో జామా పత్రికలో వచ్చింది. 50 దాటిన 18,353 మందిలో కొందరికి రోజుకు 2,000 ఐయూ డి3, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున అయిదేళ్లకు పైగా గమనించారు. డిప్రెషన్ రావడంలో గానీ మూడ్ స్కోర్లలో గానీ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనికో మెలిక ఉంది. వాళ్లలో చాలామందికి మొదట్నించీ డి లోపం లేదు. నిజంగా అడుగంటిపోయినవాళ్ల సంగతి ఈ ప్రయోగం తేల్చదు. లోపం తీరితే ఒళ్లునొప్పులూ నీరసమూ తగ్గి, దానివల్ల మనసు కాస్త తేలికపడవచ్చు. అలాంటివాళ్లు ఉంటారు. లోపం లేనివాళ్లకు మాత్రం మాత్ర వల్ల మూడ్ పెరుగుతుందని ఆశ పెట్టుకోవడానికి ఆధారం లేదు.

మరి "నాకు పనిచేసింది" అని ప్రమాణం చేసి చెప్పేవాళ్ల మాట? నేనూ ఒకప్పుడు చెప్పాను. జనవరి మొదట్లో మొదలుపెట్టాను, మార్చికల్లా హుషారొచ్చింది. తర్వాతెప్పుడో క్యాలెండర్ చూసుకుంటే నవ్వొచ్చింది. సియాటిల్లో డిసెంబర్ చివర పగలు ఎనిమిది గంటల ఇరవై నిమిషాల పైచిలుకు. మార్చి 20కి పన్నెండు గంటలు దాటుతుంది. ఆ మూడు నెలల్లో నేను రోజూ పెసలు నానబెట్టుకుని తిన్నా హుషారు వచ్చేదే. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే అక్టోబర్ నుంచి వేసుకుని డిసెంబర్ ఎలా గడిచిందో చూసుకోవాలి.

సరే, వేసుకునేవాళ్లు ఎలా వేసుకోవాలి? 70 ఏళ్లలోపు పెద్దవాళ్లకు అమెరికాలో చెప్పే రోజువారీ అవసరం 600 ఐయూ, ఆ పైబడినవాళ్లకు 800. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దాటకూడని గీత 4,000. ఇక్కడి షాపుల్లో వరసగా కనపడే 5,000 డబ్బాలు ఆ గీతకు అవతలే ఉన్నాయి. కౌంటర్ మీద అమ్ముతున్నారంటే ఎంతైనా మింగొచ్చని అర్థం కాదు. 1,000 ఐయూ మాత్ర ఒకటి చాలామందికి సరిపోతుంది. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి కాఫీతో కాకుండా భోజనంతో వేసుకోండి. పప్పులో నెయ్యి పడే పూట మేలు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు.

శాకాహారులు లేబుల్ చదవాలి. డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని మైనం నుంచి తీస్తారు, సాఫ్ట్‌జెల్ పైపొర జెలటిన్. పట్టింపు ఉంటే లైకెన్ నుంచి తీసిన డి3 ప్రత్యేకంగా దొరుకుతుంది. యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర ఉన్న డబ్బా అయితే లేబుల్ మీద రాసిందే లోపల ఉందని ఎవరో ఒకరు పరీక్షించినట్టు.

ఇక యూనిట్లు. ఉద్యోగాలు మారుతూ దేశాలు తిరిగేవాళ్లకు ఇక్కడే తేడా కొడుతుంది. లేబుల్ మీద 25 మైక్రోగ్రాములన్నా 1,000 ఐయూ అన్నా ఒకటే. రక్తపరీక్ష అమెరికాలోనూ ఇండియాలోనూ నానోగ్రాముల్లో, బ్రిటన్, కెనడాల్లో నానోమోల్స్‌లో వస్తుంది. రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లు. లండన్ నుంచి మా టీమ్‌కి మారిన ఒకావిడ పాత రిపోర్టులో 45 చూపించి, "నాకు డి బ్రహ్మాండంగా ఉంది" అంది. ఇక్కడి లెక్కలో అది 18. సాధారణంగా చాలినంత అనుకునే గీత 20. అంటే బ్రహ్మాండమైంది కాదు, కాస్త లోటే.

ఇప్పుడు సాషేల సంగతి. ఇండియాలో లోపం ఉన్నవాళ్లకు 60,000 ఐయూ పొడి పొట్లం వారానికొకటి చొప్పున, మామూలుగా ఎనిమిది వారాలు రాస్తారు. మా టీమ్‌లో ఒకతని వాళ్లమ్మగారు వస్తూ వస్తూ, ఆవకాయ సీసాల మధ్య కుక్కి మూడు డబ్బాల పొట్లాలు తెచ్చారు. చీటీ లేదు. అక్కడి డాక్టర్ ఆవిడకు రాసినవే, "మా అబ్బాయికి కూడా నీరసమే" అని మెడికల్ షాపులో అదనంగా కొన్నారు. వారానికొకటన్న మాట ప్రయాణంలో ఎక్కడో జారిపోయింది. ఇతను రోజూ రాత్రి గ్లాసు పాలలో ఒక పొట్లం కలుపుకుని తాగాడు. ఆరు వారాలు. లెక్క కట్టండి: 42 పొట్లాలు, 25 లక్షల ఐయూకి పైన.

జనవరి చివరికి అతనికి విపరీతమైన దాహం. మీటింగ్ మధ్యలో రెండుసార్లు బాత్రూమ్‌కి లేచేవాడు. మలబద్ధకం, వాంతులు, మగత. కోడ్ రివ్యూలో ఒకే ఫైల్‌ని నాలుగోసారి చదువుతూ కూర్చున్నాడు. "దిగులు ముదిరింది" అనుకున్నాడు, మేమూ అలాగే అనుకున్నాం. రక్తంలో కాల్షియం పెరిగితే వచ్చే లక్షణాలు ఇవే. మందు ఎక్కువై వచ్చిన నీరసం, ఆ మందు తగ్గించాల్సిన నీరసంలాగే కనపడింది. రెండు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. డి ఒంట్లో నిల్వ ఉండిపోయే సరుకు కాబట్టి కాల్షియం దారికొచ్చేదాకా నెలల తరబడి పరీక్షలు జరిగాయి. కిడ్నీలకు మిగిలిపోయే దెబ్బ తగలకపోవడం అదృష్టం.

వారానికొకటైనా లెక్క చూసుకోవాల్సిందే. 60,000ని ఏడుతో భాగిస్తే రోజుకు 8,570 చిల్లర, 4,000 గీతకు రెండింతల పైన. లోపం ఉందని తేలినప్పుడు, గడువు పెట్టి, డాక్టర్ చూస్తుండగా అయితే ఫర్వాలేదు. చలికాలమంతా సొంతంగా వేసుకోవడానికి కాదు. ఇక్కడి డాక్టర్ వారానికి 50,000 రాసిచ్చి, అమ్మ పంపిన 60,000 కూడా వేసుకుంటూ, పైన మల్టీవిటమిన్ మింగేవాళ్లున్నారు. అన్నీ కూడండి. డిసెంబర్‌లో ఇండియా వెళ్లినప్పుడు "ఒక్క ఇంజక్షన్, ఆర్నెల్లు చూసుకోనక్కర్లేదు" అంటూ లక్షల ఐయూ ఒకేసారి ఎక్కించుకోవడం కూడా ఈ కోవలోదే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి థయజైడ్ రకం మాత్రలు, గుండెకు డిగాక్సిన్, ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు సొంత వైద్యం అసలు చేసుకోకూడదు.

పరీక్ష చేయించుకోవాలా? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లందరికీ డి పరీక్ష అక్కర్లేదని 2024లో ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. ఊరికే చేయిస్తే ఇన్సూరెన్స్ బిల్లు మన నెత్తిన వెయ్యొచ్చు. లక్షణాలుంటే మాత్రం డాక్టర్‌ని అడగాల్సింది డి ఒక్కటే కాదు. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, షుగర్ కూడా అడగండి. శాకాహారులకు బీ12 మరీ ముఖ్యం.

ఇంకో కొలీగ్ రెండు చలికాలాలు డి మాత్రలతో నెట్టుకొచ్చింది. బరువు పెరగడం, జుట్టు రాలడం, ఎప్పుడూ నిద్ర. ఎండాకాలంలో కూడా తగ్గలేదన్న సంగతి ఆమెకే తట్టలేదు, ఎందుకంటే అప్పటికి ప్రాజెక్ట్ మారి వేరే తలనొప్పులు మొదలయ్యాయి. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే నార్మల్ అని వచ్చింది. జుట్టు కోసం పెద్ద మోతాదు బయోటిన్ గమ్మీలు తింటోందని రెండో డాక్టర్ అడిగితే గానీ బయటపడలేదు. బయోటిన్ కొన్ని ల్యాబ్ పరీక్షల్ని, అందులోనూ థైరాయిడ్ పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు. ఆపి చేయిస్తే థైరాయిడ్ లోపం తేలింది. ఆ రెండేళ్లలో ఒక ప్రమోషన్ సైకిల్ ఆమె చేజారింది. దాన్ని ఏ మాత్రా వెనక్కి తేదు.

వెలుతురు ఖాతాకొస్తే, ముందు ఖర్చు లేనిది. ముసురు పట్టిన రోజున కూడా బయట వెలుతురు మన క్యూబికల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆఫీసు లోపల 300 నుంచి 500 లక్స్ దాకా ఉంటుంది. కన్ను అలవాటు పడిపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. పొద్దున తెల్లారిన గంటలోపు అరగంట బయట నడవండి. స్టాండప్ మీటింగ్ అడ్డమొస్తే ఫోన్లో నడుస్తూ వినండి. వర్షం అని ఆగితే సియాటిల్లో మార్చి దాకా ఆగాల్సిందే. మంచి రెయిన్ జాకెట్ ఒకటి కొనుక్కోండి.

చాలకపోతే లైట్ బాక్స్. 10,000 లక్స్ ఇచ్చేది, అతినీలలోహిత కిరణాల్ని వడగట్టేది కొనాలి. లేచిన వెంటనే అరగంట, కంపెనీవాళ్లు చెప్పిన దూరంలో, మామూలుగా అడుగున్నర అటూ ఇటూ, మొహానికి ఎదురుగా. దీపాన్నే చూస్తూ కూర్చోనక్కర్లేదు, టిఫిన్ తినొచ్చు, మెయిల్స్ చూసుకోవచ్చు. అరచేతిలో పట్టే చిన్న దీపాల్లో 10,000 లక్స్ రావాలంటే ముక్కు ఆనించాలి. ఈ దీపం విషయంలో నా తప్పొకటి చెబుతాను. ఇండియా టీమ్‌తో కాల్ ఇక్కడ రాత్రి ఎనిమిదికి, అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. నిద్రమొహంతో కనపడకూడదని ఆ కాల్‌లోనే దీపం వేసుకునేవాణ్ని. వారంలో నా నిద్ర రాత్రి రెండింటికి జరిగిపోయింది, పొద్దుటి మగత రెట్టింపైంది. రాత్రి వెలుతురు ఒంటి గడియారాన్ని వెనక్కి నెడుతుంది. బైపోలార్ సమస్య ఉన్నవాళ్లకు దీపం వల్ల మూడ్ ఒక్కసారిగా పైకెగసే ప్రమాదం ఉంది. వాళ్లూ, రెటీనా జబ్బులున్నవాళ్లూ డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

ఆఫీసులో చెయ్యాల్సింది ఇంకా కొంత ఉంది. ఇయర్ ఎండ్ రివ్యూలు మన ఒంట్లో సత్తువ అడుగంటిన నెలలోనే వస్తాయి. డిసెంబర్ రాత్రి పదింటికి కూర్చుని సెల్ఫ్ అసెస్‌మెంట్ రాస్తే ఏడాదంతా మీరేమీ చెయ్యనట్టే కనపడుతుంది. సెప్టెంబర్లోనే ముసాయిదా రాసిపెట్టుకుని డిసెంబర్లో అంకెలు మాత్రం దిద్దుకోండి. క్రిస్మస్ వారం ఆన్‌కాల్ నెత్తికెత్తుకునే ముందు, ఇండియా ట్రిప్‌కి సెలవులు మిగుల్తాయని సంబరపడటంతో పాటు, రాత్రి మూడింటికి పేజర్ మోగితే మర్నాడు మీ పరిస్థితేంటో కూడా ఆలోచించండి. జనవరిలో రాజీనామా లెటర్ రాయాలనిపిస్తే రాయండి, డ్రాఫ్ట్స్‌లో ఉంచండి, ఏప్రిల్‌లో చదవండి.

కిటికీ పక్క సీటు కావాలంటే కారిడార్‌లో నోటిమాటగా అడగొద్దు. విస్కాన్సిన్‌లో ఒకటో తరగతి టీచర్‌ని 2005లో కిటికీల్లేని గదికి మార్చారు. ఆవిడకు ఈ చలికాలపు డిప్రెషన్ ఉంది, గది మార్చమని అడిగింది, మార్చలేదు. కేసు 2009లో ఫెడరల్ అప్పీల్ కోర్టుకు వచ్చినప్పుడు ఆవిడ వాదన నిలబడింది. అయితే సహజమైన వెలుతురు వైద్యపరంగా అవసరమని నిపుణుల మాట స్కూల్ యాజమాన్యానికి చేరిన తేదీ నుంచే కోర్టు లెక్క కట్టింది. అంతకుముందు వారాలు ఆవిడ ఎన్నిసార్లు అడిగినా సరిపోలేదు. కాబట్టి డాక్టర్ లెటర్‌లో 'వెలుతురు' అన్న మాట స్పష్టంగా ఉండాలి, అది మెయిల్‌లో హెచ్‌ఆర్‌కి వెళ్లాలి.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనులమీద కూడా మనసు పోకపోయినా, అది డబ్బాతో తేలే వ్యవహారం కాదు. ఉద్యోగుల సహాయ పథకం (ఈఏపీ) కింద చాలా కంపెనీల్లో కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం. అక్కడికి ఫోన్ చేసినంత మాత్రాన మీ పేరు మేనేజర్‌కు వెళ్లదు. 'హెచ్1బీ మీద ఉన్నాను, రికార్డుల్లో పడితే?' అని భయపడి రెండేళ్లు నలిగినవాళ్లను చూశాను. ఇక్కడి చలికాలపు దిగులు కోసమే తయారుచేసిన కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. వెర్మాంట్ యూనివర్సిటీ వాళ్లు 177 మందిపై చేసిన పరిశోధనలో, రెండు చలికాలాల తర్వాత చూస్తే, దీపం వాడినవాళ్లకన్నా కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో దిగులు తిరగబెట్టడం తక్కువగా ఉంది. మందులు రాసినా సిగ్గుపడాల్సింది లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అమెరికాలో 988, ఇండియాలో టెలి-మానస్ 14416. టెలి-మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టర్ అపాయింట్‌మెంట్ సెప్టెంబర్లోనే తీసుకోండి. నవంబర్లో అడిగితే కొత్త పేషెంట్లకు జనవరి తేదీ ఇస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఒక జిప్‌లాక్ కవర్లో వేసి పట్టుకెళ్లండి. డి, మల్టీవిటమిన్, జుట్టు గమ్మీలు, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్. అమ్మ పంపిన పొట్లాలు కూడా.